వాసూ, ఆ ఆల్టోని ఇప్పుడే అమ్మొద్దు

కడప

రేయ్ వాసూ,

మోకాలు నొప్పి పుడుతోందని బండి అమ్మేస్తానంటావేంరా? ఫోన్లో చెప్తే సగం గాలికి పోతాయి, పైగా నువ్వు మధ్యలో ఇంకో మాటలోకి దింపేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. పెద్ద ఉత్తరమే అవుతుంది, టీ పెట్టించుకుని తీరిగ్గా చదువు.

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం దాకా దాదాపు 150 కిలోమీటర్లు. 44వ నంబరు హైవే మీద గేర్లు మార్చే పని కూడా పెద్దగా ఉండదు. అయినా దిగేసరికి ఎడమ మోకాలు పట్టేసింది, కుడి కాలి మడమ లాగుతోంది, నడుము కింద ఒక పక్కనే సలుపు అన్నావు. ఈ మూడూ మూడు వేర్వేరు నొప్పులు, వేర్వేరు కారణాలు. "బండి చిన్నది, నేను పొడుగు" అని తేల్చేస్తే ఒక్కటీ తగ్గదు. నేను నీకంటే ఒక అంగుళం తక్కువంతే, మీ వదిన ఐదడుగులు కూడా ఉండదు, ఇద్దరం ఒకే ఆల్టో 800 నడుపుతున్నాం, ఇద్దరికీ ఇప్పుడు హాయిగా ఉంది. కాబట్టి నా మాట విను.

ముందు ఆ బండి అలా ఎందుకుందో చెప్తా. జపాన్‌లో కేయి కార్లని బాగా చిన్న కార్ల తరగతి ఒకటి ఉంది. వాటి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటకూడదని అక్కడి ఇప్పటి నియమం. 1983 డిసెంబరులో మన దగ్గర రోడ్డెక్కిన మారుతి 800 ఆ ఇంటి నుంచి వచ్చిన బండే, నీ ఆల్టో 800 వెడల్పు కూడా 1.49 మీటర్లే. అంత చిన్న కొలతలో నలుగురినీ కూర్చోబెట్టాలంటే ఇంజన్ అడ్డంగా పెట్టాలి, ముందు చక్రాలు డ్రైవర్ పాదాల పక్కకే రావాలి. మనది కుడి చేతి స్టీరింగ్ కాబట్టి కుడి చక్రం మీది డొప్ప నీ కుడి పాదం పక్కన లోపలికి పొడుచుకొస్తుంది. ఆ చోటు పోయింది గనక పెడల్స్ మూడూ కాస్త ఎడమకి జరిగాయి. నువ్వు కూర్చునేది తిన్నగా, కాళ్ళు పోయేది ఎడమకి, మధ్యలో మెలిక పడేది నడుము. ఇంగ్లండులో 1959లో మినీ అనే చిన్న కారు వచ్చినప్పుడే ఈ గొడవ ఉంది. అందులో స్టీరింగ్ బస్సులో లాగా పడుకుని ఉండేది. దాన్ని కాస్త కిందికి దించే పట్టీలు, సీటు వెనక్కి జరిపే పట్టీలు ఈ రోజుకీ అక్కడివాళ్ళు కొని బిగించుకుంటున్నారు. అంటే ఇది నీ ఒక్కడి బాధ కాదు, చిన్న కార్లన్నిటి లక్షణం.

పెడల్స్ జరగవు, జరపకూడదు కూడా. మనమే వాటికి తగ్గట్టు జరగాలి. అందుకని సర్దుకోవడం కాళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. చాలామంది ఎక్కగానే స్టీరింగ్ అందుతోందా అని చూసి సీటు బిగించేస్తారు. నువ్వు కూడా అంతే చేస్తున్నావని నా గట్టి అనుమానం.

బండి ఆపి ఇంజన్ ఆఫ్ చేసి కూర్చో. వెనక జేబులో పర్సు, ఫోను తీసెయ్. ఇది తేలిగ్గా తీసుకోవద్దు, ఒక పక్క పిర్ర కింద పర్సు ఎత్తుగా ఉంటే నడుము వంకరగా నిలబడుతుంది, నీ ఒంటిపక్క సలుపుకి అదే కారణం కావచ్చు. తర్వాత పిర్రలు సీటు మూలకి ఆనేలా వెనక్కి నెట్టి కూర్చుని క్లచ్ పూర్తిగా నేలదాకా తొక్కు. అంత తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి, కాలు కర్రలాగా చాపుకుపోకూడదు, క్లచ్ అందుకోవడానికి పిర్ర సీటు మీద జరగకూడదు. ఆ దూరంలో సీటు బిగించు. క్లచ్‌తోనే ఎందుకు చూడాలంటే మూడింట్లో ఎక్కువ దూరం తొక్కేది దాన్నే. బ్రేక్ కూడా అలాగే గట్టిగా తొక్కి చూడు.

ఆ తర్వాతే వీపు వంతు. సీటు వీపు మరీ వెనక్కి వాల్చకుండా, కూర్చున్న చోటికి వంద, నూటపది డిగ్రీల కోణంలో ఉండనివ్వు. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. పడితే స్టీరింగ్ పట్టుకున్నప్పుడు మోచేయి వంగి ఉంటుంది, మెడ నొప్పి పుట్టదు. నీకు వచ్చే చిక్కు ఇక్కడే. కాళ్ళకి సరిపోయేలా సీటు వెనక్కి జరిపితే స్టీరింగ్ దూరం అవుతుంది, ఈ బండిలో స్టీరింగ్ ముందుకీ వెనక్కీ జరగదు. అప్పుడు సీటు ముందుకి జరపకు, వీపునే ఒక్కో గాటు నిలువుగా చేసుకుంటూ రా. మొదట బడిలో కూర్చున్నట్టు ఉంటుంది, రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది, నడుముకి అదే మేలు.

ఇక సీటు సంగతి. నీ బండి సెకండ్ హ్యాండ్ కదా, డ్రైవర్ సీటు మీద అరచేత్తో గట్టిగా అదిమి చూడు, తలుపు వైపు అంచు తప్పకుండా కుంగి ఉంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అందరూ ఆ అంచు మీదే బరువు వేస్తారు. కుంగిన సీటు మీద ఎన్ని దిండ్లు వేసినా మనిషి ఒరిగే కూర్చుంటాడు. సీట్లు కుట్టేవాళ్ళ దగ్గరికి పోయి కవరు విప్పించి, కుంగిన చోట గట్టి ఫోము వేయించు. మెత్తది వద్దు, మెత్తటి ఫోము అంగట్లో నొక్కి చూస్తే బాగుంటుంది, గంట ప్రయాణానికే అణిగిపోతుంది. నీకు తొడల కింద ఆసరా చాలదు, సీటు పొట్టిది కాబట్టి మోకాళ్ళ వైపు తొడ గాల్లో ఉంటుంది, కాలి బరువంతా మడమ మీద పడుతుంది. అందుకే నీ కుడి మడమ లాగేది. సీటు ముందంచున ఒక అంగుళం గట్టి ఫోము ఎక్కువ పెట్టమని చెప్పు. ఎక్కువైతే తొడ వెనక నరం నొక్కుకుని కాలు తిమ్మిరెక్కుతుంది, స్టీరింగ్ మోకాళ్ళకి తగులుతుంది, కాబట్టి అంగుళం దాటొద్దు. సీటు బోల్టుల కింద వాషర్లు వేసి ముందుభాగం ఎత్తుతామని కొందరు మెకానిక్‌లు అంటారు. నేనైతే ఒప్పుకోను, గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఉంచేవి ఆ బోల్టులే, ఫోముతో అయ్యే పనికి వాటి జోలికి పోవడం ఎందుకు?

నడుము వంపు దగ్గర ఒక చిన్న తువ్వాలు చుట్టి పెట్టుకుని చూడు, బెల్టు కట్టుకునే చోటికి కాస్త పైన. అంగళ్ళలో అమ్మే దిండ్లు లావుగా ఉండి మనిషిని ముందుకి తోసేస్తాయి. తువ్వాలైతే నీకు కావలసినంతే మడత పెట్టుకోవచ్చు, మన ఎండలకి చెమట కూడా పీల్చుకుంటుంది. రెక్సిన్ కవర్లు మాత్రం తీసెయ్యి నాయనా, మే నెలలో కర్నూల్లో రెక్సిన్ మీద కూర్చున్నవాడు జారుతూనే ఉంటాడు, జారిన ప్రతిసారీ నడుము వంపు పోతుంది. బట్ట కవర్లు వేయించు. టాక్సీవాళ్ళు వేసే చెక్క పూసల సీటు గాలి ఆడడానికి బాగానే ఉంటుంది గానీ, దాని మీద కూడా జారుడే, బ్రేక్ గట్టిగా వేస్తే నువ్వు ముందుకి పోతావు.

ఇప్పుడు నీ ఎడమ మోకాలు. క్లచ్ నీకు బరువుగా ఉందా, మామూలుగా ఉందా? అదే మోడల్ ఇంకో బండి ఎవరిదైనా తొక్కి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మన బండిలో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. లోపలి తీగ ఎండి తుప్పు పడితే పెడల్ రాయిలా అయిపోతుంది, కేబుల్ మారిస్తే మోకాలికి ప్రాణం లేచొస్తుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. కేబుల్ మార్చినా బరువుగానే ఉంటే క్లచ్ ప్లేట్ అరిగిందన్న మాట. ప్లేట్ అరిగే కొద్దీ లోపలి స్ప్రింగు బిగుసుకుని పెడల్ బరువెక్కుతుంది, పెడల్ బాగా పైకి వచ్చాక గానీ బండి కదలదు. అప్పుడు క్లచ్ సెట్ మొత్తం మార్చుకోవడమే. మెకానిక్ కేబుల్ బిగించేటప్పుడు పెడల్ పైన కొంచెం ఆట వదలమను, వేలితో నొక్కితే ఉత్తినే కదలాలి. అసలు ఆట లేకపోతే కాలు తీసినా క్లచ్ కొద్దిగా నొక్కుకునే ఉండి ప్లేట్, బేరింగ్ రెండూ పాడవుతాయి.

అలవాట్లు కూడా చూసుకో. హైవే మీద నీ ఎడమ పాదం ఎక్కడుంటోంది? క్లచ్ మీదే తేలుతూ ఉంటే గంటల తరబడి కాలు ఎత్తి పట్టుకున్నట్టే, మోకాలు పట్టేయక ఏం చేస్తుంది? పెద్ద బండ్లలో క్లచ్ పక్కన పాదం పెట్టుకోవడానికి అరుగు ఉంటుంది, మనదాంట్లో ఆ చోటు లేదు. గేరు వేశాక పాదం వెనక్కి తెచ్చి నేల మీద చదునుగా ఆనించు. బయట అమ్మే ఫుట్ రెస్టులు నేలకి బిగించేవైతే, బూటు వేసుకున్న పాదం క్లచ్‌కి తగలకుండా పడుతుందో లేదో కూర్చుని చూశాకే బిగించుకో. బిగించకుండా చెక్క ముక్క మాత్రం పెట్టొద్దు, అది జారి బ్రేక్ కింద దూరిందంటే ఇంక చెప్పేదేముంది. రాజ్‌విహార్ సెంటర్ సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసెయ్. మా గువ్వలచెరువు ఘాట్‌లో లారీల వెనక ఎక్కేటప్పుడు చాలామంది హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం తొక్కి, బండిని ఆపి పట్టుకుంటారు, కాలికీ చెడ్డదే, ప్లేటుకీ చెడ్డదే. హ్యాండ్ బ్రేక్ వేసుకుని ఆగాలి, కదిలేటప్పుడు వదలాలి. ఆ ఘాట్ దాటాక పాలకోవా దగ్గర ఆగి కాళ్ళు చాపుకోవడం కూడా నా లెక్కలో వైద్యమే.

యాక్సిలరేటర్ దగ్గర మడమ నేల మీదే ఉండాలి, బ్రేక్‌కి ఎదురుగా మడమ ఆనించి పాదం మాత్రం కుడికి తిప్పి యాక్సిలరేటర్ తొక్కడం అలవాటు చేసుకో. ప్రతిసారీ కాలు మొత్తం ఎత్తి పెట్టే అవసరం తప్పుతుంది. హవాయి చెప్పులతో నడపకు, వెనక పట్టీ లేని చెప్పు పెడల్ అంచుకి పట్టుకుంటుంది. పల్చటి గట్టి అడుగున్న బూట్లు వేసుకో. కుడి మోకాలు తలుపు జేబుకి ఒరుసుకునే చోట చిన్న ఫోము ముక్క అతికించు, మోకాలు దాని మీద ఆనుతుంది. ఇంత చిన్న పనికి నీకు కలిగే సుఖం చూసి నువ్వే ఆశ్చర్యపోతావు.

బ్రేక్ పెడల్ ఎత్తు మాత్రం ఎవరితోనూ మార్పించొద్దు. కిందికి పోతోందనిపిస్తే వెనక చక్రాల డ్రమ్ముల్లో బ్రేక్ షూలు అడ్జస్ట్ చేయించు, బ్రేక్ పైపుల్లో గాలి తీయించు, బ్రేక్ ఆయిల్ పాతదైతే మార్పించు. పెడల్ వెనక రాడ్డు తిప్పి పెడల్ పైకి లేపితే బ్రేకులు పూర్తిగా వదలకుండా రాసుకుంటూ వేడెక్కిపోతాయి. అల్యూమినియం పెడల్ కవర్లు కూడా నీకెందుకు, వానలో తడిసిన బూటుకి జారిపోతాయి, అసలు రబ్బరు అరిగిపోయి ఉంటే కొత్త రబ్బరు వేయించు చాలు.

మ్యాట్ గురించి మరీ మరీ చెప్తున్నా. ఇప్పుడు అందరూ వేస్తున్న లావు నూడుల్ మ్యాట్లు మడమని పైకి లేపేస్తాయి, అక్కడే పాదం కోణం చెడుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, మ్యాట్ ముందుకి జరిగి యాక్సిలరేటర్‌ని పట్టేయడం. 2009 ఆగస్టులో అమెరికాలో శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారులో అలాగే జరిగి అందులో ఉన్న నలుగురూ చనిపోయారు, ఆ బండికి సరిపడని మ్యాట్ అందులో వేసి ఉంది. ఆ తర్వాత టయోటా లక్షల బండ్లని వెనక్కి పిలిచింది. డ్రైవర్ వైపు ఒకటే మ్యాట్, పల్చటిది, కొక్కేనికి తగిలించి ఉండాలి, మ్యాట్ మీద మ్యాట్ వెయ్యకూడదు.

చెల్లెమ్మ కూడా నేర్చుకుంటోందన్నావు కదా, ఆమెకి చిక్కు నీకు పూర్తిగా తలకిందులు. పెడల్ అందాలని సీటు ముందుకి లాగితే ఛాతీ స్టీరింగ్‌కి ఆనేలా అవుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో దానికీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, అది చాలా వేగంగా తెరుచుకుంటుంది. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు, నీ బండి అంతకు ముందుదైతే ఉందో లేదో చూసుకో. లేకపోయినా ఆ దూరం ఉంచాల్సిందే. మీ వదినకి నేను చేయించింది, అంగుళం గట్టి అడుగున్న బూట్లు. కాలి కింద అంగుళం పెరిగితే సీటు అంత వెనక్కి జరుపుకోవచ్చు. సీటు మీద గట్టి దిండు ఒకటి వేసింది, అది జారకుండా నాడాలతో కట్టుకుంది, రోడ్డు బానెట్ మీద నుంచి బాగా కనబడుతోంది. సీటు బెల్టు మెడకి తగలకుండా భుజం మీదుగా పోతోందో లేదో చూడమను. ఇద్దరూ నడిపే బండి కాబట్టి సీటు పట్టాల మీద ఎవరి గాటు ఎక్కడో పెయింటుతో చుక్క పెట్టుకోండి, రోజూ వెతుక్కునే పని ఉండదు.

ఈ ఆదివారం చేయగలిగినవి పర్సు, మ్యాట్, సీటు దూరం, తువ్వాలు. పైసా ఖర్చు లేదు. తర్వాతి వారం క్లచ్ కేబుల్. ఫోము చివర్న చూద్దాం. ఫోము వేయిస్తే సీటు దూరం మళ్ళీ సరిచూసుకోవాలి, పైగా ముందువాటితోనే నొప్పి తగ్గితే ఆ డబ్బు దండగ. ఇవన్నీ అయ్యాక కూడా మోకాలు తగ్గకపోతే డాక్టరుకి చూపించు, అప్పుడు నేనే క్లచ్ లేని బండి చూసి పెడతా.

క్లచ్ తొక్కినప్పుడు పక్కనుంచి మోకాలు కనబడేలా చెల్లెమ్మతో ఒక ఫోటో తీయించి పంపు, దాన్ని చూసి సీటు ఎన్ని గాట్లు జరపాలో రాస్తా.

నీ
రమణ