పాత పుస్తకాల స్కానింగుకు చట్టం అడ్డు కాదు

సంపాదకులకు నమస్కారములు.

తిరుపతిలో గ్రంథపాలకుడిగా పనిచేస్తున్న నేను, పాత తెలుగు పుస్తకాల స్కానింగు అనగానే కాపీరైటు పేరు చెప్పి వెనుకంజ వేసే అలవాటు గురించి రాస్తున్నాను. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత జీవించి ఉండగా వెలువడిన రచనపై హక్కులు ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లకు ముగుస్తాయి. హక్కులు ముగియకముందు కూడా, ఆ చట్టానికి 2012లో చేసిన సవరణ వల్ల, లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం తన వద్దనున్న ముద్రిత ప్రతిని భద్రపరచుకోవడానికి డిజిటల్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. ముట్టుకుంటే పొడిగా రాలే కాగితానికి ఇదే ప్రాణాధారం. హక్కులు తీరిన పుస్తకాలను అందరూ ఉచితంగా చదువుకునేలా ఉంచే అంతర్జాల గ్రంథాలయమైన తెలుగు వికీసోర్సులో ప్రతి పుటనూ ఓపికగా సరిచూసే కంప్యూటర్ ప్రియులను పనిలేనివారిగా చూడటం అన్యాయం. హక్కులు తీరిన పుస్తకాల జాబితాను, ఒక స్కానరును మన గ్రంథాలయాలు వారికి అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను.

— ఒక గ్రంథపాలకుడు, తిరుపతి