కాంగోలో జరిగింది అప్పు కాదు, బేరం

సంపాదకుడు గారికి,

ఆఫ్రికాలో చైనా గురించి ఏ వార్త వచ్చినా మన పత్రికల్లో ‘అప్పుల ఊబి’ అన్న మాట పడాల్సిందే. కిన్షాసా రాజధానిగా ఉన్న కాంగోలో ఒక గని కంపెనీ స్టోర్స్‌లో నేను నాలుగేళ్లు పనిచేశాను. అక్కడి వ్యవహారానికి ఆ మాట అతకదు.

2008లో కుదిరిన సికోమిన్ (చైనా, కాంగోల ఉమ్మడి గని కంపెనీ) ఒప్పందం ఒక రకం వస్తుమార్పిడి. చైనా కంపెనీలు రోడ్లు, ఆసుపత్రులు కట్టాలి. బదులుగా కొల్వేజీ దగ్గర రాగి, కోబాల్ట్ గనిలో వాళ్లకు 68 శాతం వాటా. మిగతా 32 శాతం కాంగో ప్రభుత్వ సంస్థ జెకామిన్‌ది. పెట్టిన డబ్బంతా గని లాభాల్లోంచే తీరాలి. ముందు 900 కోట్ల డాలర్లనుకున్నది, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అడ్డుచెప్పడంతో 600 కోట్లకు దిగింది. అందులో సగం రోడ్లు వగైరాలకు. తీరా 2023లో కాంగో ఆర్థిక తనిఖీ విభాగం లెక్క తీస్తే ఆ పనులకు ఖర్చయింది 82 కోట్లే. ఖనిజం విలువ మొదట్లోనే తక్కువ కట్టారని కూడా అది తేల్చింది. చైనా ఒప్పుకోలేదనుకోండి.

జాంబియా సరిహద్దులో కసుంబలేసా దగ్గర లారీలు రోజుల తరబడి ఆగి ఉండేవి. ఇనుప పట్టీలతో బిగించిన రాగి పలకల కట్టలు ఎండకు మెరుస్తుంటే, డ్రైవర్లు లారీ నీడలో బొగ్గుల పొయ్యి పెట్టుకుని వండుకునేవాళ్లు. నేను అలవాటు కొద్దీ కట్టలు లెక్కపెడుతుంటే మా కాంగో మిత్రుడు నవ్వి, “మా ప్రభుత్వం తరఫున కూడా నువ్వే రాసిపెట్టు” అన్నాడు.

2024లో కాంగో ఒప్పందాన్ని తిరగరాయించుకుంది. రోడ్లకు 700 కోట్ల డాలర్ల దాకా, ఏటా 1.2 శాతం రాయల్టీ వస్తాయి. వాటాలు మాత్రం కదల్లేదు. పైగా రాగి ధర పడిపోతే రోడ్ల డబ్బూ తగ్గుతుంది. నన్నడిగితే అసలు మెలిక అక్కడుంది.

అదే ఏడాది పశ్చిమ ఆఫ్రికా దేశం నైజర్, తన ముడి చమురు చూపించి చైనా ప్రభుత్వ చమురు సంస్థ దగ్గర 7 శాతం వడ్డీకి 40 కోట్ల డాలర్లు తీసుకుంది. దాన్ని అప్పు అనండి, కాదనను.

ఈసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు రిబ్బన్ కత్తిరించే ఫొటో కాస్త చిన్నది చేసి, గనికి విలువ కట్టిందెవరో, వాటాలు ఎంతెంతో ఆ జాగాలో వేయగలరా?

– ఒక పాఠకుడు, గాజువాక