మూడు వారాలు వాటర్ సర్వీసింగ్ ఎందుకు ఆపామంటే

మూడు వారాలుగా మీరు బండి తీసుకొస్తే వాష్ లేదని తిప్పి పంపుతున్నాం. గేటుకి "రిపేర్ పని జరుగుతోంది" అని బోర్డు తగిలించి ఊరుకున్నాం. అందులో అబద్ధం లేదు గానీ, అసలు సంగతి కూడా లేదు. కొందరు విసుక్కున్నారు, ఒకరిద్దరు వేరే చోటికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకైనా ఉన్నదున్నట్టు చెప్పాలి.

వేసవి తర్వాత పడ్డ మొదటి గట్టి వాన రోజు నేను షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాను. యార్డు మీద పడ్డ నీళ్లన్నీ గేటు పక్కనున్న జాలీలోకి పోతున్నాయి. మొదటి పది నిమిషాలు నల్లగా, పైన నూనె పొర నెమలి మెడలా మెరుస్తూ పారాయి. అరగంటకి తేటపడ్డాయి. యార్డు ఉచితంగా కడిగినట్టయిందని లోపల సంతోషపడ్డాను కూడా. అప్పుడు మా కుర్రాడు, "అన్నా, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?" అని అడిగాడు. "డ్రైనేజీలోకి, ఇంకెక్కడికి?" అన్నాను. నిజానికి నాకు తెలియదు.

మర్నాడు రంగు కలిపిన నీళ్లు బకెట్లతో పోసి చూశాం. బాత్రూమ్ లైను శుద్ధి ప్లాంటుకి వెళ్లే మురుగు పైపులో కలుస్తోంది. జాలీ లైను మాత్రం వేరు. అది వాన నీటి కాలువ. మధ్యలో ఎక్కడా శుద్ధి లేకుండా నేరుగా చెరువులోకే. వాన నీళ్లూ మురుగు నీళ్లూ ఒకే పైపులో పోయే పాత ఊళ్లు ఉన్నాయి, అక్కడి తంటాలు వేరు. మా దగ్గర మాత్రం ఇన్నేళ్లూ మేం కడిగిన ప్రతి బండి నురగా, కింద కారిన ప్రతి ఆయిల్ చుక్కా చెరువుకే చేరాయి. తల కొట్టేసినట్టయింది.

లెక్క వేస్తే ఇంకా బాధేసింది. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. మా సిమెంటు యార్డు 400 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు. మట్టి నేలైతే అందులో కొంత ఇంకేది. సిమెంటు దాదాపు ఏమీ తాగదు, మీద ఉన్నదంతా ఊడ్చి పంపిస్తుంది. ఎండాకాలమంతా పేరుకున్నదాంట్లో చాలా భాగం ఆ తొలి వాన మొదటి నీళ్లలోనే పోతుంది. నేను చూసిన నల్లటి పది నిమిషాలు అవే.

అందులో ఉండేది ఆయిల్, గ్రీజు ఒక్కటే కాదు. బ్రేకులు అరిగితే రాగి, టైర్లు అరిగితే జింకు రాలుతాయి. టైరు ఓజోన్ వల్ల పగలకుండా రబ్బరులో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది ఓజోన్‌తో కలిసి మారిన పదార్థమే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం వాగుల్లో కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. వాన పడ్డప్పుడల్లా ఆ చేపలు ఎందుకు చస్తున్నాయో అప్పటిదాకా ఏళ్ల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. టైర్లు మార్చి బతికేవాణ్ని, అది చదివాక ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇక మా అసలు తప్పు. సంగతి తెలిశాక హడావుడిగా మూడు గదుల చాంబర్ కట్టించాం. మొదటి గదిలో బురద దిగుతుంది, రెండో గదిలో ఆయిల్ పైకి తేలుతుంది, కింద నుంచి తీసిన నీళ్లు మూడో గదిలోంచి బయటికి పోతాయి. కట్టించి చేతులు దులుపుకుని మళ్లీ వాష్ మొదలుపెట్టాం. నెల తర్వాత మూత తీస్తే రెండో గదిలో తేలిన ఆయిల్ దాదాపు లేదు. బయటికి పోయే నీళ్లు మాత్రం తెల్లగా, పాలిపోయినట్టు ఉన్నాయి. ఆ నీళ్లు ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచాను. తెల్లారినా విడిపోలేదు. మీ అందరికీ నచ్చిన ఆ చిక్కటి నురగే కారణం. అది ఆయిల్‌ని కంటికి కనపడనంత సన్నటి చుక్కలుగా విడగొట్టి నీళ్లలోనే పట్టి ఉంచుతుంది. తేలాల్సింది తేలకపోతే ఎన్ని గదులు కట్టినా దండగే. ఆయిల్‌ని త్వరగా వదిలేసే రకం షాంపూ తెప్పించి అదే పరీక్ష చేస్తే, పొద్దున్నకి సీసా పైభాగంలో వేలెడు నల్లటి పొర కట్టింది.

అందుకే పని ఆపి మళ్లీ మొదటి నుంచి చేశాం. వాష్ ఇప్పుడు పూర్తిగా రేకుల కిందే. చుట్టూ చిన్న గట్టు కట్టాం, వాన నీళ్లు లోపలికి రావు, వాష్ నీళ్లు బయటికి పోవు. చాంబర్ దాటిన నీళ్లు అనుమతి తీసుకుని మురుగు లైనులో కలిపాం. "ఇంకుడు గుంత తవ్వి అందులో వదిలెయ్యొచ్చుగా" అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆయిల్ కలిసిన నీళ్లు భూమిలోకి దింపితే రేపు బోరులో వచ్చేది అదే. గుంత తవ్వాం, కానీ రేకుల మీద పడే వాన నీళ్లకి మాత్రమే. మొదటిసారి నల్లమట్టిలో తవ్వితే నీళ్లు నాలుగు రోజులు కదల్లేదు. ఇంకొన్నాళ్లు ఉంటే దోమల్ని పెంచినవాళ్లమయ్యేవాళ్లం. మట్టి తీసి ఇసుక, ఎరువు కలిపి నింపి మొక్కలు నాటాక ఒక్కరోజులో ఇంకిపోతోంది.

మీకు తేడా తెలిసేవి కొన్ని ఉన్నాయి. నురగ తక్కువ ఉంటుంది, బండి శుభ్రంలో తేడా ఉండదు. యార్డులో వాష్ ఇక లేదు కాబట్టి ఒకసారికి రెండు బండ్లే, ఫోన్ చేసి రండి. ఆయిల్ కారుతుంటే లోపలికి తెచ్చేముందే చెప్పండి, కింద ట్రే పెడతాం. కింద పడ్డదాన్ని ఇప్పుడు పైపుతో కొట్టడం లేదు, రంపపు పొట్టు చల్లి ఊడ్చి వేరే డబ్బాలో పెడుతున్నాం. ఇంట్లో ఆయిల్ మార్చుకునేవాళ్లు పాతది క్యాన్‌లో తెచ్చివ్వండి, తీసుకుంటాం. ఇంటి దగ్గర బండి కడిగితే రోడ్డు మీద కాకుండా గడ్డి మీద పెట్టి కడగండి.

ఒకటి మాత్రం ఇంకా తెమల్లేదు. గేటు దగ్గర మీరు బండి ఆపుకుని ఎదురుచూసే వాలు ఉంది చూడండి, అక్కడి నీళ్లు ఇప్పటికీ ఆ పాత జాలీలోకే పోతున్నాయి. కింద వల సంచీ కట్టాం. ఆకులు, ఇసుక ఆగుతున్నాయి, ఆయిల్ ఆగడం లేదు. ఆ వాలు తిప్పాలంటే సిమెంటంతా పగలగొట్టాలి, ఈ ఏడాది మా వల్ల కాదు. అందాకా రోజూ సాయంత్రం పొడిగా ఊడుస్తున్నాం.

సోమవారం నుంచి వాష్ మొదలు. ప్రతి శనివారం సాయంత్రం చాంబర్ మూతలు తీసి బురద ఎత్తుతాం. ఆ వేళకి వచ్చేవాళ్లు కాస్త ముక్కు మూసుకోవాలి.