ఆ ప్రమాణపత్రం నేను చదవకుండానే సంతకం చేశాను

సంపాదకులకు నమస్కారం.

మత సంస్థలు నడిపే విశ్వవిద్యాలయాల్లో క్రమశిక్షణ బాగుంటుందనీ, పిల్లలను అక్కడ చేర్పించిన తల్లిదండ్రులు నిశ్చింతగా నిద్రపోవచ్చుననీ ఇటీవల మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. ఆ మాటలో అబద్ధం లేదు. నేనూ సరిగ్గా ఆ నమ్మకంతోనే మా అబ్బాయిని పొరుగు రాష్ట్రంలో ఒక క్రైస్తవ సంస్థ నడిపే విశ్వవిద్యాలయంలో చేర్పించాను. తెల్లవారుజామున ప్రార్థన గంట, రాత్రి తొమ్మిదికల్లా గేటు మూత, సిగరెట్టు, మద్యం ఊసే లేని ఆవరణ. వాడు మూడో సంవత్సరానికి వచ్చేదాకా నాకు ఏ లోటూ కనిపించలేదు.

మా అబ్బాయి గే. ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. తెలుగు పత్రికలు ఇలాంటివారిని తరచుగా 'స్వలింగ సంపర్కులు' అని రాస్తుంటాయి. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కనుక చనువుగా అంటున్నాను, ఆ మాట మనిషిని వెనక్కి నెట్టి పడకగదిని ముందుకు తెస్తుంది. మావాడు చేసిందల్లా ఎక్కడో దూరాన చదువుకుంటున్న మరో కుర్రాడికి ఫోనులో నాలుగు ఆప్యాయమైన మాటలు రాయడం. ఒకే గదిలో ఉండే విద్యార్థి ఆ ఫోను తీసి అంతస్తులో అందరికీ చూపించాడు. ఆ తరువాత నాలుగు నెలలు మెస్సులో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆరేసుకున్న బట్టలు మురుగుకాలువలో కనిపించేవి. గది తలుపు మీద రాసిన రాతలను వాడే తడిగుడ్డతో తుడుచుకునేవాడు. ఇక ఓర్చుకోలేక, పేర్లతో సహా, వార్డెనుకు ఫిర్యాదు రాసి ఇచ్చాడు. ఆ పేర్లు గలవారిని ఎవరూ పిలిపించలేదు. 'వాళ్లు అంటున్నది నిజమా, కాదా?' అని వీణ్ణి అడిగారు. అబద్ధం చెప్పడం ఇంట్లో మేము నేర్పలేదు కనుక నిజమేనన్నాడు. అంతటితో ఫిర్యాదుదారు ముద్దాయి అయిపోయాడు.

మరునాడు ఉదయం నాకు ఫోను వచ్చేటప్పటికి నేను టంగుటూరు పొగాకు వేలం కేంద్రంలో మా తమ్ముడి బేళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. చుట్టూ ఊరివాళ్లు, బంధువులు. ఇరవయ్యేళ్లు నిండిన కుర్రాడు తన తల్లితో కూడా చెప్పుకోలేకపోయిన విషయాన్ని, ముక్కూమొహం తెలియని ఒక ఉద్యోగి ఆ సందడిలో నా చెవిన వేశాడు. నేను 'సరే సార్, సరే సార్' అంటూ ఉండిపోయాను. ఏ సంస్థ అయినా విద్యార్థికి వేయగల శిక్షల్లో ఇంటికి చేసే ఆ ఫోనును మించినది లేదని నాకు ఇప్పుడు తెలుసు. మా ఇల్లు ఎలాగో నిలదొక్కుకుంది కానీ, ఆ కబురు విని కొడుకును గడప తొక్కనివ్వని ఇళ్లు మన జిల్లాలో ఎన్నో ఉంటాయి.

నా తప్పూ చెప్పాలి. ఆ విశ్వవిద్యాలయానికి వెళ్లి, ప్రతి శుక్రవారం ప్రార్థనా ఉపదేశానికి హాజరు కావాలనీ, మారకపోతే టీసీ తీసుకుపోవాలనీ రాసి ఉన్న కాగితం మీద వాడి చేత సంతకం పెట్టించి, కింద నేనూ పెట్టాను. ఆపైన నెల్లూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన మావాడితో గంటసేపు మాట్లాడి, నన్ను లోపలికి పిలిచి, ఇది జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే ప్రకటించిందనీ, మారుస్తానని ఏ వైద్యుడైనా చికిత్సకు పూనుకుంటే దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణిస్తామని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పిందనీ వివరించారు. 'నిద్ర పట్టనిది మీకు, కావాలంటే మీకు మందు రాస్తాను' అన్నారు. నవ్వు రాలేదు కానీ ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టింది. వాడు అక్కడ చదువు మానుకుని, ఒక సంవత్సరం పోగొట్టుకుని, మరోచోట డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు.

ఇంతకాలం ఊరుకుని ఇప్పుడు రాయడానికి కారణం, ఈ మధ్య మా మేనకోడలి ప్రవేశం కోసం ర్యాగింగ్ వ్యతిరేక ప్రమాణపత్రం నింపవలసి రావడం. అబ్బాయి చదువులో ఏటా చదవకుండానే సంతకం చేసిన ఆ పత్రాన్ని ఈసారి చదివి, అందులో చెప్పిన 2009 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలను వెతికించి తెప్పించుకున్నాను. 2016లో చేసిన సవరణ ప్రకారం, మతం, కులం, రంగు, ప్రాంతం వంటి కారణాలతో పాటు లైంగిక ధోరణి కారణంగా తోటి విద్యార్థిని హింసించినా, వెలివేసినా అది ర్యాగింగే. మెస్సులో ఖాళీగా వదిలేసిన ఆ కుర్చీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఈ నిబంధనలు డీమ్డ్ విశ్వవిద్యాలయాలతో సహా అన్ని విశ్వవిద్యాలయాలకూ వర్తిస్తాయి. అంటే మావాడి ఫిర్యాదును విచారించడం దయ కాదు, ఆ సంస్థ ఏటా మా చేత సంతకాలు పెట్టించుకున్న నియమమే.

మైనారిటీలకు తమ విద్యాసంస్థలను నడుపుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది, అది ఉండాలి. ఆ హక్కు వల్ల నిలిచిన బడుల్లో చదివే నేను ప్రధానోపాధ్యాయుణ్ణయ్యాను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున బాప్తిస్మం పొందిన 2,222 మందిలో మా ముత్తాత ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అప్పటికి ఆయన చిన్నపిల్లవాడట. మాదిగ పిల్లలు వస్తే మా పిల్లలను పంపబోమని ఒంగోలు పెద్దకులాలవారు పట్టుబట్టినా అక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బడి తలుపు మూయలేదన్నది మా పెద్దలు గర్వంగా చెప్పే కథ. మా పక్కన కూర్చోబోమని అన్నవాళ్ల ముందు అలా నిలబడిన సంప్రదాయానికి వారసులమని చెప్పుకునేవారు, మెస్సులో ఒక కుర్రాడి పక్కన కూర్చోబోమని అన్నవాళ్లను వదిలేసి ఆ కుర్రాణ్ణే లేచిపొమ్మనడం నాకు మింగుడు పడలేదు. లైంగిక ధోరణి వ్యక్తి గోప్యతలో భాగమని 2017లోనూ, వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో ఉండే ఇలాంటి సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న కూడా సుప్రీంకోర్టు చెప్పింది. క్రైస్తవ సంఘం తన బోధ తాను చేసుకోవచ్చు. ఏది పాపమన్న వాదన ఈ లేఖలో నేను ఎత్తడం లేదు.

నేను కోరేది చిన్నది. కొత్త విద్యార్థులకు తొలిరోజు నియమాలు చదివి వినిపించేటప్పుడు 2016 సవరణలోని ఆ వాక్యాన్ని కూడా, గొంతు తగ్గించకుండా, చదవాలి. ఇలాంటి విద్యార్థి ఇచ్చిన ఫిర్యాదును ర్యాగింగ్ వ్యతిరేక కమిటీ ముందు పెట్టాలి. పద్దెనిమిదేళ్లు దాటినవాడి సొంత విషయాన్ని వాడి అనుమతి లేకుండా ఇంటికి ఫోను చేసి చెప్పకూడదు. ఈ లేఖను మావాడు చదివి, రెండుచోట్ల అక్షరదోషాలు దిద్ది, ప్రచురణకు ఒప్పుకున్నాడు. ఏ హాస్టలులోనైనా వాడిలాంటి పిల్లవాడు ఇది చదివితే పనికివస్తుందని, జాతీయ ర్యాగింగ్ వ్యతిరేక సహాయ కేంద్రం నంబరు 1800-180-5522 కూడా రాయమన్నాడు.

నా పేరు ప్రచురించవద్దని మనవి.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా