ఆ జిరాక్స్ షాపు అన్నకు

నిన్న సాయంత్రం నా అకౌంట్లో 31,000 రూపాయలు పడ్డాయి. ఆన్‌లైన్ మోసంలో పోయింది 68,000. అయినా మెసేజ్ చూసి వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చేశాను. రాత్రంతా నిద్ర లేదు. అటూఇటూగా రాస్తే ఏమీ అనుకోకండి.

పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. ఇంట్లో కూర్చుని చేసుకునే పని కోసం నాలుగైదు సైట్లలో రెజ్యూమె పెట్టాను. ఓ రోజు వాట్సాప్‌లో మెసేజ్: మ్యాప్స్‌లో హోటళ్లకు రేటింగ్ ఇస్తే ఒక్కోదానికి 50. మూడింటికి 150 నిజంగానే వేశారు. తర్వాత టెలిగ్రామ్ గ్రూపు, 'ప్రీపెయిడ్ టాస్కు'. వెయ్యి కడితే 1,300 వచ్చింది. అక్కడే పడిపోయాను. 5,000, తర్వాత 18,000, 'ఇదొక్కటి పూర్తి చేస్తే మొత్తం విత్‌డ్రా మేడమ్' అంటే చిట్టీ ఎత్తిన 45,000. గ్రూపులో మిగతా ముగ్గురూ 'నాకు వచ్చేశాయి' అని స్క్రీన్‌షాట్లు పెడుతుంటే నేనే వెనకబడ్డానేమో అనుకున్నాను. ఆ ముగ్గురూ వాళ్ల మనుషులేనట.

హన్మకొండలో మా బ్యాంకుకు పరుగెత్తాను. స్టేట్‌మెంటు, ఆధార్ జిరాక్స్, తెల్ల కాగితం మీద అర్జీ తెమ్మన్నారు. సార్ లంచ్‌కి వెళ్లారన్నారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమని అక్కడ ఒక్కరూ చెప్పలేదు.

ఎదురుగా జిరాక్స్ షాపు. ఆధార్ ఇవ్వబోతే చెయ్యి వణికి కార్డు కింద పడింది. అన్న తీసి, నా మొహం చూసి, "ఆన్‌లైన్ల పోయినయా చెల్లె?" అన్నాడు. అంతే. 'ఎట్ల నమ్మినవ్' అనలేదు. 'చదువుకున్నవు కదా' అనలేదు. ఆ రెండు మాటలూ తర్వాత చాలామంది అన్నారు.

"అర్జీ సంగతి తర్వాత, ముందు 1930కి కొట్టాలె" అని స్టూలు జరిపాడు. నా ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చింది, తన ఫోన్‌తోనే కొట్టాడు. లైన్ బిజీ. మళ్లీ కొట్టాడు. హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లల్ని "ఆగుండ్రి" అన్నాడు. పాడైన జిరాక్స్ కాగితం వెనక మూడు పేమెంట్ల యూటీఆర్ నంబర్లు (ప్రతి పేమెంటుకూ ఉండే గుర్తింపు నంబరు), ఒక్కోటి పన్నెండు అంకెలు, ఎర్ర పెన్నుతో రాసి నాతో రెండుసార్లు చదివించాడు. ఏడోసారికి లైన్ కలిసింది. ఆ కాగితం ఇంకా నా పర్సులోనే ఉంది.

ఇవన్నీ ఎలా తెలుసని అడిగితే, "మా బిడ్డకు గూడ గిట్లనే అయింది. మాకీ నంబర్ రెండు దినాలకు తెలిసింది" అన్నాడు, మెషీన్‌లో కాగితాలు సర్దుకుంటూ. వాళ్లకు ఒక్క రూపాయీ రాలేదు.

నా డబ్బులో 31,000 డ్రా కాకుండా బ్యాంకులో ఆపేశారు, అదే హోల్డ్‌లో పడ్డాయి. మిగతావి అప్పటికే చేతులు మారి డ్రా అయిపోయాయి. హోల్డ్ అయిన డబ్బు నాదేనని అందరికీ తెలుసు, అయినా లోక్ అదాలత్ ఆర్డర్ వచ్చేదాకా ఏడు నెలలు. ఒక స్టేషన్‌లో ఇది మా పరిధి కాదన్నారు, ఇంకోచోట ఆఫీసర్ లేరన్నారు. వెళ్లినప్పుడల్లా అదే స్టేట్‌మెంట్ కొత్త ప్రింటు. దొంగోడు మాత్రం నా దగ్గర ఒక్క జిరాక్స్ అడగకుండా మూడు పేమెంట్లు లాగాడు.

మా ఆయన, అమ్మ, అత్తయ్య... వాళ్లకు వేరే థాంక్స్ చెప్పాలా.

పాత ఆఫీసులో పనిచేసిన అక్క రిఫర్ చేస్తే ఇప్పుడు ఇంటి నుంచే కస్టమర్ చాట్ పని చేస్తున్నాను. కంపెనీ సైట్‌లోనే అప్లై చేశాను, వీడియోలో రెండు రౌండ్ల ఇంటర్వ్యూ, పీఎఫ్ ఉంది. జీతం తక్కువే. కానీ చేరేటప్పుడు వాళ్లు నన్ను ఒక్క రూపాయీ అడగలేదు.

అయ్యో, మర్చిపోయాను: స్టేషన్లన్నీ తిప్పి వెయిటింగ్‌కి డబ్బులు తీసుకోని ఆటో తమ్ముడు, కోర్టు దగ్గర ఏ హాల్లోకి వెళ్లాలో చూపించిన హోంగార్డు గారు, పాపను రోజంతా చూసుకున్న పైవాటా ఆంటీ. ఆంటీ, మీ స్టీల్ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది, తెచ్చిస్తా.

జిరాక్స్ అన్న పేరు రాయొద్దన్నాడు, రాయను. ఆ రోజు 46 రూపాయలయ్యాయి, "తర్వాత ఇద్దువు తీయ్" అన్నాడు. పొద్దున స్వీట్ బాక్స్‌తో వెళ్తే బాక్స్ తీసుకున్నాడు. 46 మాత్రం తీసుకోలేదు.