సాహసగాథలు ఏ అరలో ఉంటాయి?

సంపాదకుల వారికి నమస్కారం.

నిజంగా జరిగిన సాహసగాథల కోసం లైబ్రరీ కంప్యూటర్లో ‘సర్వైవల్’ అని కొడితే జీవశాస్త్రం పుస్తకాలు కూడా కుప్పగా వచ్చిపడతాయి. ఓడ పేరో, శిఖరం పేరో కొట్టాలి. పైగా ఇవన్నీ ఒకేచోట ఉండవు. పుస్తకాలను విషయాన్నిబట్టి అంకెలతో అరల్లో సర్దే డ్యూయీ పద్ధతిలో ఓడ ప్రమాదాలు 910.4లో, ధ్రువయాత్రలు 919.8లో ఉంటాయి. పర్వతారోహణ మాత్రం ఆటల పుస్తకాల మధ్య, 796.522లో ఉంటుంది. చాలామంది అటు వెళ్లనే వెళ్లరు.

పుస్తకం చేతికి రాగానే పటం ఉందో లేదో చూడాలి. సంక్షిప్త ప్రతుల్లో ముందు ఎగిరిపోయేది అదే. 1916లో ధ్రువయాత్రికుడు షాకల్టన్, మరో అయిదుగురు ఏడు మీటర్లు కూడా లేని పడవలో అంటార్కిటికా దగ్గరి ఎలిఫెంట్ దీవి నుంచి దక్షిణ జార్జియా దీవికి సుమారు 1,300 కి.మీ. దాటారు. పడవ మీద పేరుకున్న మంచు బరువుకు మునిగిపోకుండా, అలల్లో ఊగుతూనే గొడ్డలితో దాన్ని చెక్కి పారేశారు. ఆ దారి పటం మీద వేలితో వెతుక్కుంటే గాని వాళ్ల తెగువ ఎంతటిదో తెలియదు. తుఫానులో చిక్కి పర్వతారోహకులు చనిపోయిన 1996 ఎవరెస్టు దుర్ఘటన గురించైతే కనీసం ఇద్దరి కథనాలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. బతికి వచ్చినవాళ్ల మాటలే ఒకదానికొకటి పొసగవు.

ఎగ్మూరు కన్నెమరా, కొట్టూరుపురం అన్నా శతజయంతి గ్రంథాలయాల్లో ఈ డ్యూయీ అంకెలను తెలుగులో కూడా రాసి, కేటలాగు కంప్యూటర్ల పక్కన అతికించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, చెన్నై