వైద్యవిద్య సంచాలకులకు బహిరంగ లేఖ: ఆ ఒక్క ప్రశ్న అడగడం నేర్పించండి

అయ్యా,

కొత్తగా పట్టా పుచ్చుకున్న డాక్టర్లకు పని నేర్పే వైద్యుణ్ణి నేను. గుండెపోటు కేసు వస్తే చెయ్యి వణకని పిల్లలు "బతకాలని లేదు డాక్టర్" అన్న మాట వినగానే నా వైపు చూస్తారు. మొన్న ఒకమ్మాయి ఏం చెయ్యాలో తోచక గబగబా బీపీ మిషన్ పట్టీ చుట్టేసింది. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని వాళ్ల భయం. అలా అడిగినంత మాత్రాన ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి.

మానసిక వైద్య నిపుణులు కాని డాక్టర్లు, ఆరోగ్య సిబ్బంది కూడా మానసిక సమస్యలకు వైద్యం అందించేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే ఎంహెచ్‌గ్యాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మన దగ్గర సైకియాట్రీ పోస్టింగ్ (మానసిక వైద్య విభాగంలో శిక్షణ) అంటే హాజరు సంతకం. (నా రోజుల్లోనూ అంతే, ఒప్పుకుంటాను.) సీనియర్ పక్కన కూర్చుని కనీసం పదిమంది రోగులతో స్వయంగా మాట్లాడనిదే పోస్టింగ్ పూర్తయినట్టు సంతకం పెట్టొద్దని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక బోధకుడు